ఉలకని పదకొండుమంది

ఇరవై రెండేళ్ల ప్రాక్టీసులో నల్లపాటి హెప్సిబా ఓడిపోయిన కేసులన్నీ ఒకే వాక్యం దగ్గర ఓడిపోయాయి: ‘ఉద్దేశం రుజువు కాలేదు.’

ఇల్లు అద్దెకివ్వనన్న యజమాని, అప్పటికే వేరేవాళ్లకు మాటిచ్చానన్నాడు. ఉద్యోగంలోంచి తీసేసిన కాలేజీ, పాఠం సరిగ్గా చెప్పడం లేదంది. పెళ్లి భోజనాల వరసలోంచి ఒకణ్ణి లేపేసిన పెద్దమనిషి, తాను అసలు అతని మొహమే చూడలేదన్నాడు. ఫిర్యాదు చేసినవాళ్లు బోనులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేవారు. అవతలి వకీలు లేచి, "ఆయన మనసులో ఏముందో నీకెలా తెలుసు?" అని ఒక్క ప్రశ్న వేసి కూర్చునేవాడు. హెప్సిబా ఫైలు చంకన పెట్టుకుని బయటికొచ్చి, గుంటూరు కోర్టు వరండాలో ఆ మనుషులకు పైకోర్టు గురించి చెప్పేది. వాళ్లలో సగం మంది మళ్లీ కనిపించేవారు కాదు.

అందుకే డాక్టర్ తురగా కమలిని ఫోన్ చేసి, "మీకు పనికొచ్చేది ఒకటి నా దగ్గరుందనుకుంటా, ఒకసారి రండి" అన్నప్పుడు, హెప్సిబా ఆ రోజు వాయిదాలు జూనియర్‌కి అప్పగించి విశ్వవిద్యాలయానికి వెళ్లింది. ఇద్దరికీ ఏదో మహిళా సభలో పరిచయం. కమలిని మెదడు శాస్త్రవేత్త. జబ్బుచేసి వాసన పోయినవాళ్లకు నిజంగానే తెలియడం లేదా, తెలిసీ చెప్పలేకపోతున్నారా అని తేల్చడానికి ఆమె ఒక పట్టీ తయారుచేసింది. అది నుదుటికి కట్టుకుంటే ఎదురుగా తెరమీద ఒక గీత పాకుతూ పోతుంది.

"ఇది చూడండి," అంది కమలిని, పాత రికార్డు ఒకటి తెరమీద పెట్టి. "కూర్చున్నవాడు నా విద్యార్థే. కుళ్లిన గుడ్డు వాసన చూపిస్తున్నాం."

సాఫీగా పోతున్న గీత నిటారుగా లేచి పడింది.

"ఇంతవరకూ మామూలే. పరీక్ష అయిపోయింది, పట్టీ విప్పడం మర్చిపోయాడు. ఇప్పుడు మా గది ఊడ్చే నాగరత్తమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చింది."

ఆ కుర్రాడు నవ్వుతూ గ్లాసు అందుకున్నాడు. థాంక్స్ కూడా చెప్పాడు. గీత మాత్రం కుళ్లిన గుడ్డుకు ఎంత ఎత్తు లేచిందో అంత ఎత్తూ లేచింది.

హెప్సిబా మళ్లీ వెయ్యమంది. నాలుగుసార్లు చూసింది. నాలుగోసారి గీత వైపు కాకుండా నాగరత్తమ్మ మొహం వైపు చూసింది. ఆమెకేమీ తెలియదు. ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపి నిలబడి ఉంది.

"అతనికి చూపించారా ఇది?"

"చూపించాను. రెండ్రోజులు ల్యాబుకి రాలేదు. వచ్చి, నాకు తెలియదు మేడం, నేనలాంటివాణ్ణి కాదు మేడం అని ఏడ్చాడు."

"కమలిని గారూ," అంది హెప్సిబా. "దీన్ని కోర్టుకి తీసుకురావాలి."

*

ఆ తర్వాత రెండేళ్లు హెప్సిబాకి పట్టీ తప్ప మరో ధ్యాస లేదు. మూడువందల నలభై మందికి కట్టి చూశారు. అందులో ఇళ్ల యజమానులున్నారు, టీచర్లున్నారు, ఆఫీసర్లున్నారు, పురోహితులూ పాస్టర్లూ ఉన్నారు. గీత ఎత్తుకి సున్నా నుంచి వంద దాకా అంకెలు పెట్టారు. నలభై దాటితే ఏవగింపు ఉన్నట్టే అని కమలిని లెక్క తేల్చింది. దాని పేరు ఏవగింపు మాపకం అని కాగితాల మీద రాసుకున్నా, అందరూ పట్టీ అనే అన్నారు.

ఆ పట్టీ చుట్టూ హెప్సిబా ఒక చట్టం ముసాయిదా రాసింది. సమాన గౌరవ చట్టం. ఇల్లైనా, బడైనా, ఉద్యోగమైనా, ఆసుపత్రైనా, పుట్టుకను బట్టి మనిషిని పక్కకు నెట్టారని ఫిర్యాదు వస్తే, నెట్టినవాళ్లు ట్రిబ్యునల్ ముందు పట్టీ కట్టుకోవాలి. ఏడో సెక్షన్ అదే. ముసాయిదా తీసుకెళ్లి ముందుగా తన గురువుకే చూపించింది.

షేక్ మస్తాన్‌వలీ గారి దగ్గరే ఆమె పదకొండేళ్లు జూనియర్‌గా పనిచేసింది. ఆయన ఇప్పుడు కోర్టుకి వెళ్లడం మానేశారు. కళ్లద్దాలు పైకీ కిందకీ జరుపుకుంటూ కాగితాలన్నీ చదివి పక్కనపెట్టారు.

"అమ్మా, నలభై ఏళ్లు సాక్షుల్ని నిలబెట్టినవాణ్ణి. సాక్షి తడబడతాడు, నిజమే. కానీ వాడి నోటివెంట విని విని కదా ఆ కుర్చీలో కూర్చున్నాయన కూడా కాస్త మనిషయ్యేది. రేపు పట్టీ చాలన్నారనుకో, ఇక ఆ మనిషిని పలకరించే అవసరం ఎవరికుంటుంది?"

"అవసరం లేకపోతే మంచిదే కద సార్. చెప్పించి చెప్పించి వాళ్లని మళ్లీ మళ్లీ ఏడిపిస్తున్నాం. ఎన్నిసార్లు చెప్పినా నమ్మినవాళ్లు లేరు."

"నమ్మలేదు. విన్నారు. రెండూ ఒకటి కాదు."

హెప్సిబా ఆయన మాట తోసెయ్యలేదు, పట్టించుకోనూ లేదు. ఆయన పాతకాలం మనిషి అనుకుంది.

ప్రభుత్వం వేసిన కమిటీ ముందు ఆమె మూడు రోజులు మాట్లాడింది. రెండో రోజు అన్న మాటలు పేపర్లన్నిట్లో వచ్చాయి: "మనిషి సాక్ష్యం భయపడుతుంది, మర్చిపోతుంది, ఒత్తిడికి లొంగిపోతుంది. పట్టీకి ఆ బలహీనతలు లేవు." మూడో రోజు కమిటీ అధ్యక్షుడు ఒక షరతు పెట్టాడు. పట్టీ తప్పు రుజువు చేస్తుందంటున్నారు కాబట్టి, తప్పు లేదని కూడా అదే రుజువు చెయ్యాలి. గీత లేవకపోతే ఫిర్యాదు అక్కడితో ఆగిపోవాలి, ఇంకో సాక్ష్యం అడగకూడదు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు అపవాదుల జాబితాలో ఎక్కాలి. దీనికి ఒప్పుకుంటే బిల్లు ఈ సమావేశాల్లోనే వస్తుంది.

అప్పటికే సాయంత్రం ఐదైంది. హెప్సిబా జవాబు చెప్పడానికి పదిహేను నిమిషాలు అడిగి కమలినిని వరండాలోకి తీసుకెళ్లింది.

"ఒప్పుకోవచ్చా?"

కమలిని సంచీలోంచి ఒక పట్టిక తీసింది. "ఇది మీకు ముందే చూపించాల్సింది. మూడువందల నలభైలో పదకొండుమంది తేడాగా ఉన్నారు. వాళ్ల ఇరుగుపొరుగుని అడిగితే, ఇంటి గుమ్మం తొక్కనివ్వనివాళ్లే అంతా. కానీ గీత లేవలేదు. నాలుగు, మూడు, ఆరు. అంతే."

"ఎందుకు?"

"తెలియదు. పట్టీ సరిగ్గా కూర్చోలేదేమో. ఇంకో ఏడాది టైమిస్తే తేలుస్తాను."

ఏడాది అంటే ఈ ప్రభుత్వం ఉంటుందో ఊడుతుందో తెలియదు. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. హెప్సిబా ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి కమలిని చేతికే ఇచ్చేసింది.

"పదకొండుమంది. నూటికి ముగ్గురు. మనకి ఇన్నాళ్లూ నూటికి తొంభై మంది తప్పించుకున్నారండీ. ఇది ఇప్పుడు బయటపెట్టకండి."

కమలిని ఏదో అనబోయి, తల ఊపింది.

*

చట్టం వచ్చింది. మొదటి ఏడాదిలోనే మూడువందలకు పైగా తీర్పులు. పేరు వినగానే గది లేదన్న హాస్టల్ వార్డెన్‌కి యాభై రెండు. తొమ్మిదేళ్లుగా అటెండరు జక్రయ్యని మంచినీళ్ల కుండ ముట్టుకోనివ్వక, చివరికి పనిలోంచే తీసేసిన కాలేజీ ప్రిన్సిపాలుకి అరవై ఏడు. జక్రయ్యని ఆ కాలేజీవాళ్లు సీనియర్ అటెండరుగా తిరిగి తీసుకున్నారు. అతను హెప్సిబా ఆఫీసుకొచ్చి, ఏం చెప్పాలో తెలియక, అందరూ చూస్తుండగా నేలమీద కూర్చుండిపోయాడు.

ఓడినవాళ్లలో ఒకరిద్దరు మాత్రం ఆమెకి గుర్తుండిపోయారు. సాకేత్‌రామ్ అని చిన్న కంపెనీలో మేనేజరు. వచ్చిన వాళ్లందర్లోకీ ఆ ఫిర్యాదుదారుణ్ణే ఉద్యోగంలోకి తీసుకోవాలని మొదట పట్టుబట్టినవాడు అతనే. ప్రమోషన్ దగ్గర ఏదో తేడా వచ్చింది. పట్టీ కడితే యాభై ఎనిమిది. అతను తెరవంక చూసి, రెండు చేతులతో మొహం కప్పుకుని, "మా ఇంట్లో అలా పెంచారండీ, నేను రోజూ దాంతో కొట్టుకుంటున్నానండీ" అన్నాడు. ట్రిబ్యునల్ ఆ మాట రాసుకోలేదు. అవసరం లేదు, అంకె ఉంది. హెప్సిబా గెలిచింది గాని, ఆ రోజు ఎందుకో ఇంటికి తిన్నగా వెళ్లలేక అక్క దగ్గరికి వెళ్లింది.

అక్క లూతమ్మ పాతగుంటూరులో ఉంటుంది. తల్లి పోయినప్పుడు హెప్సిబాకి ఆరేళ్లు, లూతమ్మకి పదమూడు. బడి మానేసి, వాళ్ల ఇళ్లలో వీళ్ల ఇళ్లలో పనిచేసి చెల్లెల్ని లా దాకా చదివించింది. పెళ్లి చేసుకోలేదు. పంతొమ్మిదేళ్లుగా ఊరి చివర ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా ఉంది. మంచం మీద ఉన్నవాళ్లకు ఒళ్లు తుడవడం, పక్కబట్టలు మార్చడం, నోట్లో ముద్ద పెట్టడం.

ఆ రోజు లూతమ్మ మొహం వెలిగిపోతోంది.

"వంటమనిషి వెళ్లిపోయిందే. రాజ్యలక్ష్మమ్మగారు ఊళ్లో లేరు, వాళ్లమ్మాయి దగ్గరికి పోయారు. ముసలాళ్లు పస్తుంటారని నేనే చేత్తన్నా. మొన్న పప్పుచారు పెడితే సుబ్బాయమ్మగారు రెండోసారి అన్నం అడిగింది. మూడు నెలల్నుంచీ ఒక్క మెతుకు తినని మనిషి!"

రాజ్యలక్ష్మమ్మ ఆ ఆశ్రమం నడిపే ఆవిడ. ఊళ్లో మంచి పేరు. సొంత స్థలంలో కట్టించి, దిక్కులేని ముసలివాళ్లను చేర్చుకుని చూస్తుంది.

పది రోజుల తర్వాత లూతమ్మ ఫోన్ చేసింది.

"నన్ను వంటింట్లోంచి తీసేశారే."

హెప్సిబా కోర్టు మెట్లమీద ఉంది. చుట్టూ నలుగురు క్లయింట్లు. "ఎవరు, రాజ్యలక్ష్మమ్మా?"

"ఊఁ. నిన్న వచ్చారు. వచ్చి, ఆ వంటంతా..."

"అక్కా, నువ్వేం చెప్పక్కర్లేదు. ఏడో సెక్షన్ ఎందుకుంది? పట్టీ చెబుద్దిలే. రేపే వేద్దాం ఫిర్యాదు."

"కేసులెందుకే? నేను ఊరికే నీతో చెప్పుకుందామని..."

"ఊరుకుంటే ఎట్టా? నీకే జరిగితే నేను ఊరుకున్నానని రేపు నలుగురూ అనరూ?"

"నీ ఇష్టం," అంది లూతమ్మ.

*

ట్రిబ్యునల్ హాలు ఆ రోజు నిండిపోయింది. చట్టం రాసిన వకీలు, సొంత అక్క తరఫున వాదిస్తోందని పేపర్లవాళ్లు కూడా వచ్చారు. రాజ్యలక్ష్మమ్మ జరీ అంచు నేతచీరలో వచ్చి, తనకి చూపించిన కుర్చీలో కూర్చుంది. డెబ్బై ఏళ్లుంటాయి. టెక్నీషియన్ పట్టీ కడుతుంటే జడ అడ్డం రాకుండా పక్కకు తీసి సాయం చేసింది.

ఎదురుగా లూతమ్మని నిలబెట్టారు. పద్ధతి ప్రకారం మూడు నిమిషాలు ఆమె వైపు చూడాలి. అడిగిన దానికి జవాబు చెప్పాలి.

"బాగున్నావా లూతమ్మా?" అంది రాజ్యలక్ష్మమ్మ. "మోకాలి నొప్పి తగ్గిందా? నూనె రాయమన్నాను, రాస్తున్నావా?"

"రాత్తన్నానమ్మా," అంది లూతమ్మ.

హెప్సిబా లేచింది. "ఈవిణ్ణి వంటగదిలోంచి ఎందుకు తీసేశారు?"

రాజ్యలక్ష్మమ్మ ఆ ప్రశ్నకి ఆశ్చర్యపోయినట్టు చూసింది. "వంట దగ్గర వాళ్లెలా ఉంటారమ్మాయ్?"

హాల్లో గుసగుసలు లేచాయి. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటూ హెప్సిబా తెరవైపు తిరిగింది.

గీత సాఫీగా పోతోంది.

"లూతమ్మ చేతి అన్నం మీరు తింటారా?"

"అదేం ప్రశ్న? తినను. లూతమ్మే పెట్టదు నాకు. దానికి తెలుసు. బంగారం లాంటి పిల్ల."

గీత కదల్లేదు. మూడు నిమిషాలు అయ్యాయని గంట మోగింది. టెక్నీషియన్ అంకె చదివాడు. "నాలుగు."

హెప్సిబా ట్రిబ్యునల్ అధ్యక్షుడి వైపు తిరిగింది. "ఆవిడ నోటితోనే చెప్పారు కదండీ! అందరం విన్నాం కదా!" అంది.

అధ్యక్షుడు కాస్త ఇబ్బందిగానే కదిలాడు. "హెప్సిబా గారూ, ఏడో సెక్షన్, రెండో క్లాజు మీకు నేను చదివి వినిపించాలా? గీత లేవనప్పుడు మాటల్ని గాని, ఇతర సాక్ష్యాన్ని గాని చూడటానికి మాకు అధికారం లేదు. ఆవిడకి ఏవగింపు లేదు. అలవాటు ఉండొచ్చు. అలవాటుకి ఈ చట్టంలో శిక్ష లేదు."

అప్పుడు లూతమ్మ చెయ్యెత్తింది, బడిపిల్లలా. "అయ్యా, నన్నేం అడగరా?"

"కూర్చోమ్మా. మీరు చెప్పాల్సిందేమీ లేదు."

"అది కాదయ్యా, ఆ రోజు ఏం జరిగిందంటే..."

"ఫిర్యాదు కొట్టివేయడమైనది," అన్నాడాయన గుమాస్తావైపు తిరిగి.

లూతమ్మ నిలబడే ఉంది. రాజ్యలక్ష్మమ్మ పట్టీ విప్పించుకుని, వెళుతూ వెళుతూ ఆగి, "రేపు పనిలోకి వచ్చెయ్ లూతమ్మా, సుబ్బాయమ్మకి ఒంటిమీద పుండ్లు పడుతున్నాయి" అంది. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. మర్నాడు లూతమ్మ వెళ్లలేదు. నెల తిరక్కుండా అపవాదుల జాబితాలో ఆమె పేరు వచ్చింది. వేరే ఆశ్రమాలవాళ్లు, ఆసుపత్రులవాళ్లు ఆ జాబితా చూసి తలుపులేసుకున్నారు.

*

"గీత లేచేది ఏవగింపుకి కాదు," అంది కమలిని.

ల్యాబులో ఇద్దరే ఉన్నారు. కమలిని పట్టీ తన నుదుటికే కట్టుకుంది. ఒక సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం అటు తిప్పకుండా ఊపిరి బిగబట్టింది. గీత లేచింది. రెండోసారి సీసా పెట్టుకుని, మొహం చిట్లించి, ఛీ అని పక్కకు తిరిగిపోయింది. గీత లేవలేదు.

"చూశారా? అప్పట్లో వాసన చూసేవాళ్లకి మొహం తిప్పుకోవద్దని చెప్పేదాన్ని. వాళ్లు ఆపుకునేవాళ్లు. నేను కొలిచింది ఆ ఆపుకోవడాన్ని. లోపల పుట్టిందాన్ని, తప్పని తెలిసి, నొక్కిపెట్టుకునేవాళ్లకే గీత లేస్తుంది. నొక్కిపెట్టుకోవాల్సిన అవసరమే తోచనివాళ్లకి ఎందుకు లేస్తుంది?"

హెప్సిబాకి మొహం కప్పుకున్న సాకేత్‌రామ్ కళ్లముందు కదిలాడు. రోజూ కొట్టుకుంటున్నానండీ.

"అంటే మనం శిక్ష వేయించింది..."

"సిగ్గుపడేవాళ్లకి."

"ఎప్పుడు తెలిసింది మీకిది?"

కమలిని పట్టీ విప్పి బల్లమీద పెట్టింది. చాలాసేపు దాని అంచులు సర్దుతూ కూర్చుంది. "ఇప్పుడే తేలింది. అనుమానం మాత్రం అప్పట్నుంచీ ఉంది. ఆ పదకొండుమందిలో మా అమ్మ ఒకరు. మా పనమ్మాయికి కొబ్బరిచిప్పలో కాఫీ పోస్తూ పెరట్లో కబుర్లు చెబుతుంది. ఆ పిల్ల పెళ్లికి దగ్గరుండి చీర కొన్నది. అమ్మకి మూడు వచ్చింది. చూసి నేను... పట్టీ వదులైందని రాసేశాను."

హెప్సిబాకి అరవాలనిపించింది. కానీ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి ఇచ్చేసింది తన చేతులే.

"ఇదంతా ట్రిబ్యునల్ ముందు చెబుతారా?"

"చెబుతాను. అమ్మ సంగతితో సహా."

హెప్సిబా రివ్యూ పిటిషన్ వేస్తోందని తెలిసిన రోజే జక్రయ్య మరో పాతికమందితో ఆఫీసుకొచ్చాడు. ఈసారి నేలమీద కూర్చోలేదు.

"పట్టీ తప్పని మీరే అంటే మా తీర్పులేమవుతాయమ్మా? రేపు ప్రిన్సిపాలు వచ్చి అదే కాయితం చూపిత్తాడు. మీ అక్క ఒక్కదాని కోసం మా అందర్నీ మళ్లీ గేటు బయట నిలబెడతారా?"

"మా అక్క కోసం కాదు జక్రయ్యా. ఇకముందు వచ్చేవాళ్లంతా..."

"వచ్చేవాళ్ల సంగతి నాకెందుకమ్మా? నేను తొమ్మిదేళ్లు దప్పికతో పనిచేశా."

అయినా హెప్సిబా పిటిషన్ వేసింది. కమలిని బోనెక్కి అంతా చెప్పింది. తల్లి పేరు చెప్పేటప్పుడు ఒక్కసారి ఆగింది, అంతే. అవతలి వకీలు ఆవిణ్ణి పెద్దగా అడగలేదు. పాత కమిటీ రికార్డు తీసి హెప్సిబా వైపు తిరిగాడు.

"‘మనిషి సాక్ష్యం భయపడుతుంది, మర్చిపోతుంది, ఒత్తిడికి లొంగిపోతుంది. పట్టీకి ఆ బలహీనతలు లేవు.’ ఈ మాటలు మీవేనా మేడం?"

"నావే."

"ఈ శాస్త్రవేత్త గారు మనిషేనా?"

హాల్లో ఎవరో నవ్వారు. తీర్పు మధ్యాహ్నానికే వచ్చింది. పట్టీకి విరుద్ధంగా మనిషి చెప్పే అభిప్రాయం, అది శాస్త్రవేత్తదే అయినా, ఏడో సెక్షన్ కింద సాక్ష్యం కాదు. చట్టం మార్చాలంటే శాసనసభకి వెళ్లండి. ఆ శాసనసభలో ఇప్పుడు చట్టానికి ఇరువైపులా మద్దతుంది. గెలిచినవాళ్లకీ కావాలి, ఉలకనివాళ్లకీ కావాలి.

మస్తాన్‌వలీ గారు ఫోన్ చేశారు. నేను చెప్పానా అని అంటారేమోనని భయపడుతూనే ఎత్తింది. ఆయన ఆ మాట అనలేదు. "అన్నం తిన్నావా అమ్మా?" అని మాత్రం అడిగారు.

*

లూతమ్మ ఇప్పుడు మిర్చి గోడౌన్లో తొడిమలు తీసే పనికి పోతోంది. అక్కడ జాబితాలు చూసేవాళ్లు లేరు. ఆదివారాలు పని ఇంటికి తెచ్చుకుంటుంది. హెప్సిబా వెళ్లేసరికి వాకిట్లో గోనెపట్టా మీద ఎర్రటి కాయల కుప్ప ముందు కూర్చుని ఉంది. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుంది.

హెప్సిబా చెప్పులు విడిచి పక్కన కూర్చుని తనూ ఒక కాయ అందుకుంది.

"ఒద్దులేవే, చేతులు మండిపోతయ్. కాయితాలు రాసే చేతులు."

"ఇంక రాసేదేముందక్కా?"

కాసేపు ఇద్దరూ తొడిమలు తీశారు. మిరప కోరు ఘాటుగా ఎగిరి హెప్సిబాకి దగ్గొచ్చింది. దగ్గు ఆగాక అడిగింది.

"ఆ రోజు ఏం జరిగిందక్కా? మొదట్నుంచీ చెప్పు."

లూతమ్మ చేతులు ఆగలేదు. "ఇప్పుడడుగుతున్నావా."

"ఊఁ."

"చెప్పటానికేముందిలే." మరో నాలుగు కాయలు తీసింది. తర్వాత మొదలుపెట్టింది. "అందరూ కంచాల ముందు కూర్చున్నారు. నేను వడ్డించబోతన్నా. ఆమె కారు దిగి తిన్నగా హాల్లోకే వచ్చింది. చూసింది. కేకలెయ్యలేదు. లూతమ్మా, అవి తీసుకెళ్లి పెంటకుప్పలో పోసెయ్యి అంది. నేనే పోశా. పప్పుచారు, దొండకాయ వేపుడు, పెద్ద గిన్నెడు అన్నం. తర్వాత పసుపునీళ్లు కలపమంది. వంటిల్లు కడిగించింది, గిన్నెలు కడిగించింది, నేను కూర్చున్న పీట కూడా. నాచేతే. ముసలాళ్లంతా అట్టా ఖాళీ కంచాల ముందు కూర్చుని చూత్తన్నారు. కడగటం అయినాక, ఇక నువ్వు ఈ గడప తొక్కబాకమ్మా, నీకూ మంచిది కాదు అంది. అంతే."

హెప్సిబా చేతిలో కాయ నలిగిపోయింది.

"ఎంతమంది చూశారక్కా?"

"ఇరవై ఏడుమంది. సుబ్బాయమ్మగారు ఏడ్చింది. నన్ను ఆటో ఎక్కించండి, నేనొచ్చి కోర్టులో చెబుతా అంది పాపం. రిటైరయిన హెడ్మాస్టరుగారు కాయితం మీద రాసి సంతకం కూడా పెట్టి ఉంచారు. మీ చెల్లెలికియ్యి అన్నారు."

ఇరవై ఏడుమంది. ఓడిపోయిన ఆ రోజుల్లో ఇలాంటి సాక్షి ఒక్కడు దొరికితే చాలని హెప్సిబా ఎన్ని ఊళ్లు తిరగలేదు! ఇరవై ఏడుమందీ, సంతకం పెట్టిన కాగితమూ ఉంటే, పాత చట్టం కింద పాత కోర్టులో ఎంత మొండి జడ్జి అయినా కాదనలేకపోయేవాడు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

లూతమ్మ మొదటిసారి తలెత్తి చెల్లెలి వంక చూసింది. కోపంగా చూడలేదు. "చెప్పబోయాగదే ఫోన్లో. పట్టీ చెబుద్దిలే అన్నావు. కోర్టులో చెప్పబోయా, కూర్చోమన్నారు."

వీధిలో ఎవరిదో రేడియో మోగుతోంది. హెప్సిబా మంటెక్కుతున్న వేళ్లతోనే సంచీ తెరిచి నోటుబుక్కు తీసింది. కొత్త పేజీలో తేదీ వేసింది.

"వాళ్ల పేర్లు చెప్పు."

"ఎందుకే? సుబ్బాయమ్మగారు పోయిన నెల్లోనే పోయింది. హెడ్మాస్టరుగారికి ఇప్పుడు మతి లేదంట. రాసుకుని ఏం చేస్తావు? ఏ కోర్టు తీసుకుంటది?"

"ఏ కోర్టూ తీసుకోదు."

లూతమ్మ గుడ్డపీలిక బిగించుకుని మళ్లీ కాయ అందుకుంది. తర్వాత, పంతొమ్మిదేళ్లు తెల్లారగానే పలకరిస్తూ తిరిగిన వరసలోనే, కిటికీ పక్క మంచంనుంచి మొదలుపెట్టింది.

"సుబ్బాయమ్మగారు. ఆమె పక్కన వెంకాయమ్మగారు, చెవుడు. ఆ తర్వాత మంచం పిచ్చయ్యగారిది, ఇప్పుడు కళ్లు కనపడవు..."

హెప్సిబా రాసుకుంటూ పోయింది. అక్క ఆగినప్పుడల్లా, "తర్వాతి మంచం ఎవరిదక్కా?" అని అడిగింది.